గొయ్యి పూడిస్తే ఊట తిరిగి వస్తుందా?

మన తెలంగాణ పలుకుబడిలో "బాయి" అనే మాటకు రెండర్థాలున్నాయి. కొమురవెల్లి, చేర్యాల వైపు రైతును అడిగితే బాయి అంటే నీళ్ల బాయి. ఎల్లందు, కొత్తగూడెం, గోదావరిఖని వైపు కార్మికుణ్ణి అడిగితే బాయి అంటే బొగ్గు బాయి. "బాయికాడికి పోయిండు" అంటే ఒకచోట మోటారు పెట్టడానికి పోయాడని, ఇంకొకచోట షిఫ్టుకు పోయాడని. మాట ఒకటే గాని ఈ రెండు బాయిల మధ్య తీరని పేచీ ఉంది. బొగ్గు బాయి లోతుకు పోయినకొద్దీ నీళ్ల బాయి అడుగంటుతుంది. బొగ్గు తీయడం ఆగి, గొయ్యి పూడ్చి, చదును చేసి, మొక్కలు నాటిన తర్వాత ఆ నీళ్ల బాయి మళ్లీ ఊరుతుందా? ఊరితే ఎన్నేళ్లకు? ఒర్రెలో పూర్వం ఉండిన ఊట మళ్లీ వస్తుందా? వస్తే ఎండాకాలం దాకా నిలుస్తుందా?

ఈ ప్రశ్నలకు ఇప్పుడు మనకు వినిపించే జవాబులు రెండు. గనివారు "అంతా మామూలవుతుంది" అంటారు. ఊరివారు "ఇక పోయినట్టే" అంటారు. రెండింటిలోనూ అంకె ఉండదు, తేదీ ఉండదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పడం సాధ్యమే. అయితే చెప్పిన లెక్కను తర్వాత కొలిచి సరిచూసే ఏర్పాటు లేకపోతే దానికీ సోదికీ తేడా లేదు.

సోది అన్నానని కోపగించుకోవద్దు. మన ఊళ్లలో బోరు పాయింటు చూపించేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా తిరుగుతాడు. కాయ లేచి నిలబడ్డచోట బోరు వెయ్యమంటాడు. చదువుకున్నవాళ్లం మనం నవ్వుతాం. కాని అతని అసలు లోపం చేతిలో కొబ్బరికాయ ఉండడం కాదు. బోరు పడకముందే రుసుము తీసుకుపోతాడు. నీళ్లు పడకపోతే తిరిగి రాడు. ఎన్ని పడ్డాయి, ఎన్ని ఎండాయి అన్న చిట్టా అతని దగ్గర ఉండదు. కంప్యూటరు మీద వేసిన అంచనా అయినా సరే, అనుమతి చేతికి రాగానే అటకెక్కితే అదీ కొబ్బరికాయ సరసన చేరవలసిందే.

బొగ్గు ఊసు లేని కొమురవెల్లికి ఈ చర్చలో ఏం పని అని అడగవచ్చు. నీరు రాతిలో ఎట్లా ఇంకుతుందో, ఎంత దాగుతుందో నేర్చుకోవడానికి ఆ గడ్డను మించిన బడి లేదు. మల్లన్న గుట్ట అంతా గట్టి రాయి. చుట్టూ ఉన్న పొలాల కింద పైపైన శిథిలమైన రాయి, దాని కింద పగుళ్ల రాయి, ఇంకా కిందకు పోతే చుక్క ఇంకని బండ. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి 1999 నుంచి చేసిన పరిశీలనల్లో ఈ మూడు పొరల సంగతి వివరంగా తేలింది. నీళ్లన్నీ ఆ పై రెండు పొరల్లోనే.

ఇప్పుడు లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం నియమించిన భూగర్భజల అంచనా కమిటీ 1984లో ఒక పద్ధతి ఇచ్చింది. 1997లో, 2015లో దాన్ని సవరించారు. 1997 నాటి ప్రమాణాల ప్రకారం బంకమన్ను తక్కువగా ఉన్న శిథిల గ్రానైటులో వానలో నూటికి 11 పాళ్లు ఇంకుతుంది. బంకమన్ను ఎక్కువైతే 8 పాళ్లు. పగుళ్లు లేని బండలో ఒకే ఒక్క పాలు. ఏడాదికి 750 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. 11 పాళ్లంటే 82 మిల్లీమీటర్లు. ఎకరానికి సుమారు 3 లక్షల 30 వేల లీటర్లు. యాసంగి వరి ఎకరానికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు పెడతాం, అంటే 48 లక్షల లీటర్ల పైమాట. అందులో కొంత మళ్లీ భూమిలోకే దిగుతుంది, నిజమే. అయినా ఒక ఎకరం వరి కోసం పద్నాలుగు పదిహేను ఎకరాల మీద పడ్డ వాన ఇంకవలసి వస్తున్నది. మన బోర్లు ఎందుకు ఎండిపోతాయో దీనికంటే సూటిగా చెప్పే లెక్క లేదు.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. రాతిలో నీరు ఉన్నంత మాత్రాన అదంతా బావిలోకి రాదు. కొంత రాతినే అంటిపెట్టుకుంటుంది. బావికి వచ్చే పాలు శిథిల గ్రానైటులో నూటికి 3. బంకమన్ను ఎక్కువైతే ఒకటిన్నర. మొదటి రకం రాతిలో 82 మిల్లీమీటర్లు ఇంకితే నీటిమట్టం రెండుంబావు, మూడు మీటర్ల మధ్య పెరుగుతుంది. రెండో రకంలో 60 మిల్లీమీటర్లు ఇంకితేనే నాలుగు మీటర్లు పెరుగుతుంది. చూశారా! నీళ్లు తక్కువ ఇంకినచోట మట్టం ఎక్కువ లేచింది. అందుచేత "బావిలో నాలుగు మీటర్లు పెరిగింది" అన్న వార్త విని సంబరపడేముందు అది ఏ రాయి అని అడగాలి. మట్టం వేరు, నిల్వ వేరు. ఈ ఒక్క తేడా తెలిస్తే గనుల నీటి గురించి చెప్పే సగం మాటలను జల్లెడ పట్టవచ్చు.

గ్రానైటు క్వారీల సంగతీ ఇక్కడే చెప్పాలి. కరీంనగర్ రాయి దేశదేశాలకు పోయింది. అది పోయినచోట గుంతలు మిగిలాయి. వానాకాలంలో ఆ గుంతల్లో నీళ్లు నిండితే "మంచి చెరువు తయారైంది, భూగర్భజలం పెరుగుతుంది" అనేవారున్నారు. పలకలు కోయడానికి పగుళ్లు లేని రాయినే ఏరుకుంటారు గదా! పగుళ్లు లేని రాయిలో ఇంకేది నూటికి ఒక్క పాలు. ఆ గుంతలో నీళ్లు ఎక్కువగా ఎండకు ఆవిరైపోయేవే. గుంతను నీటితొట్టిగా వాడుకోండి, తప్పు లేదు. దాన్ని ఇంకుడుగుంతగా లెక్క రాయడం తప్పు.

ఇక సింగరేణికి వద్దాం. 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఎల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో కంపెనీ పుట్టింది. చాలాకాలం బొగ్గంటే భూమి కిందికి దిగి తవ్వేదే. ఇప్పుడు బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తున్నది. రామగుండం, మణుగూరు, ఎల్లందు, సత్తుపల్లి ఎక్కడికి పోయినా ఓబీ కుప్పలు గుట్టల్లాగ కనిపిస్తాయి. బొగ్గు పైన ఉన్న మట్టినీ ఇసుకరాతినీ మందుపెట్టి పేల్చి, డంపర్లలో ఎత్తి పోసిన కుప్పలవి. కొంత ఓబీతోనే గొయ్యిని వెనుక నుంచి పూడ్చుకుంటూ వస్తారు.

ఈ పూడ్చిన నేల ఏ రకం రాయి? కమిటీ పట్టికలో గ్రానైటుకు వరుస ఉంది, ఇసుకరాతికి వరుస ఉంది. ఓబీ కుప్పకు వరుస లేదు. ఎందుకంటే అది ప్రకృతి చేసిన రాయి కాదు, డంపరు చేసిన రాయి. దాని స్వభావమే వేరు.

మొదటిది, అది గుల్ల. బండగా ఉన్న రాయిని పేల్చి పోస్తే ఉబ్బి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రాళ్ల మధ్య సందులన్నీ నీటికి ఇళ్లే. రెండోది, అది పొరలు పొరలుగా ఒకే తీరుగా ఉండదు. డంపరు అంచు నుంచి గుమ్మరించినప్పుడు పెద్ద రాళ్లు దొర్లి అడుగుకు చేరతాయి, పొడి పైన ఆగుతుంది. కాబట్టి అడుగున నీటికి కాలువ లాంటి దారి ఏర్పడుతుంది. కుప్ప పాదం దగ్గర ఊటలు కనిపించడానికి కారణం తరచు అదే. మూడోది, పైన డంపర్లు తిరిగి తిరిగి నేల రోడ్డులాగ గట్టిపడుతుంది. లోపల ఎంత చోటున్నా పై తలుపు మూసి ఉంటే వాన లోపలికెట్లా పోతుంది? అందువల్ల పూడ్చిన గనిలో నీరు అంతటా సమానంగా ఇంకదు. పైన నిలిచిన మడుగుల నుంచి, బీటల నుంచి, పూడికకూ తవ్వని గోడకూ మధ్య ఉన్న సందు నుంచి, పక్కనున్న ఇసుకరాతి నుంచి వస్తుంది. నాలుగోది, నాటిన చెట్లు కూడా నీళ్లు తాగుతాయి. పచ్చగా కనిపించిన చోటల్లా భూగర్భజలం పెరిగిందనుకోవడం పొరపాటు.

అమెరికాలోని తూర్పు కెంటకీలో స్టార్ ఫైర్ అనే ఉపరితల గని ఉంది. అక్కడి భూగర్భ సర్వేవారు పూడిక లోపలికే బోర్లు దింపి, ఊటలు కొలిచి, పూడ్చిన రాళ్లలోనే కొత్తగా నీటి నిల్వ ఏర్పడిన తీరును చూపారు. ఆ దేశంలో 1977లోనే ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణకు ప్రత్యేక చట్టం వచ్చింది. మన దేశంలో బొగ్గు గనుల మూసివేత ప్రణాళికకు కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది 2009లో. ఆలస్యమైనా వచ్చినందుకు సంతోషమే. గని నడుస్తుండగానే మూసివేత ఖర్చు కింద హెక్టారు లెక్కన డబ్బు విడిగా జమ చేయాలన్న నియమం మంచిది. డబ్బుకు లెక్క ఉన్నట్టే నీటికీ ఊరి చేతికి అందే లెక్క ఒకటి ఉండాలని నా వాదన.

ఆ లెక్క ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ గనికీ చెందింది కాదు. పలక మీద వేసుకునే లెక్క. పూడ్చిన భాగం 100 హెక్టార్లు. పంపులతో నీటిమట్టం 30 మీటర్లు దించారు. పూడికలో నీరు నిండే సందు నూటికి 20 పాళ్లు అనుకుందాం. అయితే పాత మట్టానికి నీరు చేరాలంటే 60 లక్షల ఘనపు మీటర్లు కావాలి. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వానలో నాలుగోవంతు ఇంకిందనుకోండి, చాలా ఉదారంగానే ఇచ్చాం. ఏడాదికి వచ్చేది 2 లక్షల 50 వేల ఘనపు మీటర్లు. భాగించండి: 24 ఏళ్లు! పక్కనున్న ఇసుకరాతి నుంచి కూడా అంతే నీరు వస్తే 12 ఏళ్లు. పై నేల గట్టిపడి ఇంకేది సగమైతే, పక్కనుంచి ఏమీ రాకపోతే, 48 ఏళ్లు.

ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. గని మూసిన కొద్ది ఏళ్లకు బావిలోకి చూసి "నీరు రాలేదు, ఇక రాదు" అన్నవాడూ తొందరపడినట్టే. "మట్టం రెండు మీటర్లు పెరిగింది, పని అయిపోయింది" అని ఫైలు మూసినవాడూ తొందరపడినట్టే. పాత మట్టానికి ముందే పొర్లిపోయే దారి లేకపోతే, గొయ్యి అంచు దాకా నిండేవరకూ పాత ఊట కదలదు. ఇవాళ భూమి ఇచ్చిన రైతు కొడుకు పెద్దవాడయ్యాక అతని కొడుకు చూడవలసిన నీళ్లవి. అంత దూరం చూసే లెక్కను రెండు మూడేళ్ల పర్యవేక్షణతో ముగించడం విత్తనం నాటి తెల్లవారి కోతకు పోయినట్టుంటుంది.

సరే, గొయ్యి నిండింది, ఊట మొదలైంది అనుకుందాం. ఏడాదికి ఇంకే రెండున్నర లక్షల ఘనపు మీటర్లూ ఆ ఊట ద్వారానే బయటికి వస్తే సగటున సెకనుకు 8 లీటర్లు. వినడానికి బాగానే ఉంది. కాని ఊట సగటున పారదు. వానలు వెనుకబట్టాక అది ఒక క్రమంలో తగ్గుతుంది. పారిస్ నగరానికి నీళ్లిచ్చే ఊటలను పరిశీలించిన మైయే అనే ఫ్రెంచి ఇంజనీరు 1905లోనే ఈ తగ్గుదలకు సూత్రం రాశాడు. సూత్రం అంటే భయపడనక్కరలేదు. ఇన్ని రోజులకు సగమవుతుందని తెలిస్తే, మళ్లీ అన్ని రోజులకు అందులో సగం అవుతుంది. అక్టోబరు నడిమికి 16 లీటర్లు ఉండి, 60 రోజులకు సగమయ్యే ఊట అనుకోండి. డిసెంబరు నడిమికి 8. ఫిబ్రవరికి 4. ఏప్రిల్‌కు 2. జూన్‌లో తొలకరికి ముందు 1.

ఇక్కడ మళ్లీ కొమురవెల్లిని తలుచుకోవాలి. మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది ముందు దాకా సాగుతుంది. ఆదివారం ఆదివారం జనం పోటెత్తుతారు. పట్నాలు, బోనాలు, వంటలు, స్నానాలు, అన్నిటికీ నీళ్లే. అంటే నేలలో నీరు తగ్గుతున్న నెలల్లోనే మన అవసరం పెరుగుతుంది. యాసంగి పంటదీ అదే కథ. కాబట్టి ఊరికి కావలసింది ఏడాది సగటు కాదు, ఉగాది నాటి అంకె. "సగటున 8 లీటర్లు" అనే నివేదిక అబద్ధం కాకపోవచ్చు, కాని ఏప్రిల్‌లో రెండు లీటర్ల దగ్గర బిందె పట్టుకొని నిలబడ్డ ఆడకూతురికి ఆ నిజం ఎందుకూ పనికిరాదు.

నీటి పరిమాణంతో పాటు గుణం కూడా చూడాలి. అస్సాం మాకుం బొగ్గులో గంధకం ఎక్కువ, అక్కడి గని నీరు పుల్లబారుతుంది. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కనుక ఆ బెడద మనకు అంతగా లేదు. అట్లాగని పేల్చిన కొత్త రాతి ముఖాలను కడుక్కుంటూ వచ్చే నీటిలో లవణాలు, సల్ఫేటు, కాఠిన్యం పరీక్షించకుండా తాగమనడం న్యాయం కాదు.

నా మాటకు ఎదురు చెప్పేవారు ఉంటారు. "గనికీ గనికీ తేడా ఉంటుంది. ఓబీ లోపల ఏముందో ఎవరు చూశారు? ఇంత అనిశ్చితిలో అంకె చెప్పి రేపు తప్పితే జనం నిలదీస్తారు" అంటారు. మొదటి రెండు మాటలూ నిజమే. అందుకే ఒక అంకె కాదు, పైన వేసినట్టు మూడు అంకెలు చెప్పమంటున్నాను: బాగుంటే ఇంత, మామూలుగా ఇంత, చెడితే ఇంత. మూడో మాట మాత్రం ఒప్పుకోను. అంచనా తప్పడం నేరం కాదు. వాన ఎంతన్నది ఎవరి చేతిలో ఉంది? తప్పిందని తెలుసుకోకపోవడం, తెలిసీ సవరించకపోవడం నేరం. జనం నిలదీస్తారన్న భయంతో మౌనంగా ఉండే శాస్త్రం ఎవరి కోసం?

ఇంకో రకం మిత్రులు "అసలు తవ్వకమే ఆపాలి, ఈ లెక్కలన్నీ తవ్వేవాళ్లకు ఊతం" అంటారు. తవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ, జరగవలసిన చర్చ. కాని ఇప్పటికే తవ్విన గోతులున్నాయి, వాటి ఒడ్డున ఊళ్లున్నాయి. ఆ ఊళ్ల నీటి లెక్క వేయకుండా వదిలేయడం వల్ల లాభపడేది ఊరివారు కాదు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో లేచి నిలబడే రైతుకు "మాకు నష్టం" అన్న మాట కంటే "మీ లెక్క ప్రకారం 12 ఏళ్లు, ఆ నీళ్లు వచ్చేదాకా మాకు నీళ్లెవరిస్తారు?" అన్న మాటకు బలం ఎక్కువ.

అందుచేత మూడు కోర్కెలు. ఒకటి: గనికి అనుమతి కోరేటప్పుడు ఇచ్చే నీటి అంచనాను రెండు పేజీల్లో తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. ఏ బావిలో ఎంత మట్టం, ఏ ఒర్రెలో ఎంత ఊట, ఏ సంవత్సరానికి అన్నది అందులో ఉండాలి. రెండు: ఐదేళ్లకొకసారి అదే గోడ మీద "ఇంత అన్నాం, ఇంత అయింది, తేడాకు కారణం ఇది" అని పక్కన రాయాలి. మూడు: మూసివేత తర్వాత కొలత ఎన్నేళ్లు సాగాలన్నది క్యాలెండరు కాక నీరే నిర్ణయించాలి. మట్టం కుదుటపడి, ఊట కొన్ని వానాకాలాలు, ఎండాకాలాలు ఒకే తీరుగా నడిచేవరకూ కొలవాలి.

ఇవి ప్రభుత్వం, కంపెనీ చేయవలసినవి. మనం చేయదగింది కూడా లేకపోలేదు. ఊట కొలవడానికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కరలేదు. 20 లీటర్ల బకెట్టు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. పది సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. ప్రవాహం పెద్దదైతే రేకుకు తొంభై డిగ్రీల కోణంలో గాడి కోసి అడ్డం పెట్టాలి. గాడి మొన మీద నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు సుమారు 4.4 లీటర్లు. సిక్కింలో 2008లో మొదలైన ధారా వికాస్ పథకం ఎండిపోతున్న కొండ ఊటలను మళ్లీ నిలబెట్టే పని చేపట్టింది. కొండవాళ్లు ఊటను సొంత ఆస్తిలా చూసుకోగలిగినప్పుడు మనకేం తక్కువ?

మన కళాశాల విద్యార్థులు అన్ని ఊళ్ల నుంచీ వచ్చినవారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు గ్రానైటు ఊరివాడు తన బావి మట్టం కొలవనీ. గని ఊరివాడు ఓబీ కుప్ప కింద ఊట కొలవనీ. నెలకొకసారి, ఒకే తేదీన, ఒకే చోట. భూగర్భశాస్త్ర విభాగం ఒక రిజిస్టరు తెరిచి ఆ అంకెలన్నీ ఎక్కించాలి. ఏటా వార్షిక సంచికలో ఒక పేజీ వాటికి కేటాయించాలని విద్యార్థి సంఘానికి నా మనవి. సీనియరు వెళ్లిపోతే జూనియరు అందుకోవాలి. పదేళ్లు గడిస్తే ఆ రిజిస్టరు ఏ నిపుణుడూ కాదనలేని సాక్ష్యమవుతుంది. వచ్చే సంక్రాంతి సెలవులు ఎంతో దూరం లేవు. బకెట్టు ప్రతి ఇంట్లోనూ ఉంది.